వైద్యపరీక్షయందు స్త్రీల మర్యాద

మన స్త్రీలలో పలువురు గర్భకోశవ్యాధులను దాచుకొనుట నొప్పికి వెఱచి కాదు, సిగ్గునకు వెఱచి. ఘోషా పాటించిన హైదరాబాదు పాతనగరమున స్త్రీకి స్త్రీయే వైద్యము చేయవలెనను కోరిక పూర్వమే కలదు. 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరిన రూపాబాయి ఫర్దూన్జీ 1889లో పట్టమందెను. పిదప విక్టోరియా జనానా ఆసుపత్రి వెలసెను.

అయినను వైద్యురాలుండుట మాత్రమే చాలదు. చేయఁబోవు పరీక్షను ముందుగాఁ దెలిపి, అనుమతి గొని, మేనిపై దుప్పటి కప్పి, రోగి వలదన్నంతనే ఆపవలెను. పరీక్షించువాఁడు పురుషుఁడైనచో వేఱొక స్త్రీ చెంతనుండవలెనని జాతీయ మానవ హక్కుల సంఘమువారి రోగుల హక్కుల పత్రమునందే కలదు.

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు తొలిదశలోఁ దెలిసినచో నయము కాఁగలదు, ఆలస్యమైనచోఁ బ్రాణాపాయము. కావున ఇంటి స్త్రీలను గద్దింపక, వారికి నచ్చిన తోడునిచ్చి పంపుఁడు. సిగ్గుపడవలసినది రోగి కాదు, రోగి మర్యాదను పాటింపని వైద్యము.