ఏసీఈ2: దేహంలో దాని చోటు

కోవిడ్ కలిగించే కరోనా వైరస్ మనిషి కణంలోకి చేరడానికి ముందుగా పట్టుకునేది ఏసీఈ2 అనే గ్రాహకాన్ని. 805 అమైనో ఆమ్లాల గొలుసైన ఈ ప్రోటీన్‌కు సొంత పని వేరే ఉంది. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను కత్తిరించి, వాటిని సడలించే యాంజియోటెన్సిన్ 1-7గా మారుస్తుంది. 2000లో దీన్ని గుర్తించినప్పుడు చర్చంతా రక్తపోటు, గుండె, మూత్రపిండాల చుట్టూనే సాగింది. అప్పటి సార్స్ వైరస్ కూడా దీన్నే పట్టుకుంటుందని 2003లో తేలాక దృష్టి ఊపిరితిత్తులపైకి మళ్లింది.

అయితే ఈ గ్రాహకం దండిగా ఉన్నది ఊపిరితిత్తుల్లో కాదు, చిన్నపేగులో. అక్కడి లోపలి పొర కణాల సూక్ష్మచూషకాల మీద ఉండి, ఆహారంలోని అమైనో ఆమ్లాలను లోనికి చేర్చే మరో ప్రోటీన్‌కు తోడుగా నిలుస్తుంది. కోవిడ్ రోగుల్లో కొందరికి విరేచనాలు కావడం, వైరస్ ఆనవాళ్లు మలంలో కనిపించడం ఈ సంగతితో పొసగుతాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020లో మురుగునీటిని పరీక్షించి నగరంలో వ్యాప్తిని అంచనా వేయగలిగింది ఆ ఆనవాళ్ల ఆధారంగానే. మూత్రపిండాల్లోని సూక్ష్మనాళికలు, వృషణాలు, పిత్తాశయం, గుండె కూడా ఈ గ్రాహకం ఉన్న చోట్లే.

శ్వాసమార్గంలో ముక్కు దగ్గర ఎక్కువగా ఉండి, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ముక్కులో శ్లేష్మం తయారుచేసే కణాలు, శైలికలున్న కణాలు దీన్ని ధరిస్తాయి. వాసన పసిగట్టే నాడీకణాల మీద మాత్రం ఇది దాదాపు లేదు. వాటికి ఆసరాగా ఉండే పక్క కణాల మీద ఉంది. వాసన పోయిన చాలామందికి కొన్ని వారాల్లోనే అది తిరిగి రావడానికి ఇదొక కారణంగా భావిస్తారు.

వాయుగోణుల్లో రెండో రకం కణాల్లో కొద్ది వాటికే ఏసీఈ2 ఉంది. కానీ వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడే ద్రవాన్ని స్రవించేదీ, దెబ్బతిన్న పొరను తిరిగి నిర్మించేదీ ఈ రెండో రకం కణాలే. అందుకే గ్రాహకం తక్కువైనా అక్కడ నష్టం అంత తీవ్రం. పైగా వైరస్ సోకినచోట ఏసీఈ2 తగ్గిపోతుంది. అది ఊపిరితిత్తులను గాయం నుంచి కాపాడుతుందని 2005 నాటికే ఎలుకల్లో రుజువైంది.

గ్రాహకం ఉన్నంత మాత్రాన వైరస్ లోపలికి పోలేదు. దాని ముల్లు ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ కూడా కావాలి. కణం పైన ఆ పని చేసే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 మీద ఒమిక్రాన్ తక్కువగా ఆధారపడి, కణం లోపలి సంచుల్లోని ఎంజైములను వాడుకుంది. అది ఊపిరితిత్తుల లోతుల్లో కంటే పై శ్వాసమార్గంలోనే జోరుగా పెరగడానికి దీన్నొక కారణంగా చెబుతారు.

కొన్ని రక్తపోటు మందులు ఏసీఈ2ను పెంచుతాయేమోనన్న భయం 2020లో ఎందరినో కలవరపెట్టింది. బ్రెజిల్‌లో ఆ మందులు వాడుతూ కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన 659 మందిలో సగం మందికి వాటిని నెలపాటు ఆపి, మిగతావారికి కొనసాగించి చూశారు. ప్రాణాలతో ఆసుపత్రి బయట గడిపిన రోజుల లెక్కలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.