పరదేశమున పట్టుబడినవానికి దిక్కు



కూలికై గల్ఫు దేశములకు పోవుట తెలంగాణ పల్లెలకు క్రొత్త కాదు. వీసా సంగతి ఏజెంటు చెప్పును. అచ్చట పోలీసులు పట్టుకొన్న నేమి చేయవలెనో చెప్పడు.

1963 నాటి వియన్నా ఒడంబడికలోని 36వ అధికరణము ప్రకారము, బందీ కోరినచో ఆ వార్తను అతని దేశపు కాన్సులు కార్యాలయమునకు జాగు చేయక తెలుపవలెను. ఈ హక్కు కలదని బందీకి చెప్పుటయు పట్టుకొన్నవారి విధియే. కులభూషణ్ జాధవ్ వ్యాజ్యమున పాకిస్తాను ఈ విధిని తప్పెనని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాని ‘కోరినచో’ అను మాటను గమనింపుడు. సిగ్గుచేతనో భయముచేతనో మిన్నకున్నవాని కది అక్కరకు రాదు. కాన్సులు చెర విడిపింపలేడు, కోర్టులో వాదింపడు. చూడవచ్చును, వకీలును కుదుర్పవచ్చును, ఇంటికి కబురంపవచ్చును. అంతవరకు తెలియని భాషలోని కాగితముపై వ్రేలిముద్ర వేయరాదు.

2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసున సిరిసిల్ల ప్రాంతీయు లైదుగురు శిక్షితులైరి. శాసనసభ్యులు కె.టి. రామారావుగారు నేపాలునకు పోయి మృతుని కుటుంబమునకు 15 లక్షల రూపాయల పరిహార మిచ్చి క్షమాపత్రము పొందిరి. అయినను వారు ఇల్లు చేరునప్పటికి 2024 వచ్చినది. పసిబిడ్డలు పెండ్లియీడు కెదిగెడి కాలమది!

పోవువారు పాస్‌పోర్టు నకలును, యజమాని చిరునామాను ఇంట నుంచి పోవలెను. విదేశాంగ శాఖవారి ‘మదద్’ ద్వారా ఇంటివారు ఫిర్యాదు చేయవచ్చును. చదువురాని తల్లి వచ్చి అడిగిననాడు ఆ దరఖాస్తు వ్రాసిపెట్టువా రొకరు ఈ గ్రంథాలయమున ఉండునట్లు కార్యవర్గమువారు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను.