కొయ్యపొట్టు – తోటకు ఎరువు



భూపాలపల్లి ప్రాంతము అడవుల సీమ. ఇచ్చటి టేకు, నల్లమద్ది కొయ్యలు తలుపులగుచున్నవి, మంచములగుచున్నవి. కోతలో రాలిన పొట్టు మాత్రము సామిల్లు చెంతను, వడ్రంగి కొట్టము వెనుకను గుట్టపడి తుదకు నిప్పుపాలగుచున్నది. అడవి పెక్కేండ్లు కూడబెట్టిన సారమును ఒక్క సాయంకాలమున పొగచేయుట దుర్వ్యయము.

కొందరు ఆ పొట్టును పచ్చిగానే వంగమడిలో త్రవ్వి కలిపెదరు. పదిదినములలో ఆకులు పసుపువన్నెకు తిరుగును, ఎదుగుదల నిలుచును. తప్పు విత్తనముదని తలంతురు. నిజమునకు మన్నులోని సూక్ష్మజీవులకు కొయ్యను జీర్ణించుకొనుటకు నత్రజని కావలెను. కొయ్యపొట్టులో ఒక పాలు నత్రజనికి కర్బనము సుమారు 400 పాళ్ళుండును. కావున అవి మొక్క పాలిటి నత్రజనిని అప్పు తీసికొనును. ఆ అప్పు తీరువరకు మొక్క పస్తుండవలసినదే. కుప్ప చక్కగా మాగుటకు ఒక పాలు నత్రజనికి కర్బనము 30 పాళ్ళు చాలును.

ఈ లోటును పూడ్చునది పశువులకొట్టము. ఆల్బర్ట్ హోవర్డ్ దొర 1924 మొదలు 1931 వరకు ఇండోరులో ఈ పని చేసి చూపెను. మనవారు నేడు చేలలో కాల్చు ప్రత్తికట్టె, కందికట్టెల వంటివానిని ఆయన బండ్లబాటపై పరపించి, చక్రములక్రింద నలిగినపిమ్మట పశువుల క్రింద వేయించెను. మూత్రము పీల్చిన ఆ చెత్తయే మేలైన ఎరువాయెను. అంతకు శతాబ్దముల పూర్వమే కృషిపరాశరము, మాఘమున పెంటకుప్పను పూజించి త్రవ్వి, ఎండించి పొడిచేసి, ఫాల్గునమున పొలములోని గుంతలలో ఉంచవలెనని విధించినది.

విధానము సులభము. నీడపట్టున అడుగున పుల్లలు పరచి, పశువుల క్రింద నానిన పొట్టును, ఎండుటాకును బెత్తెడు మందమున వేయవలెను. దానిపై కానుగరొట్ట, చిక్కని పేడనీరు, కొంచెము పాత ఎరువు. ఇట్లు పొరలు పొరలుగా మూడు నాలుగడుగుల ఎత్తు పేర్చవలెను. తడి, పిండిన గుడ్డవలె ఉండవలెను, నీరు కారరాదు. కొలది దినములలో కుప్ప వేడెక్కి ఆవిరి విడుచును. పక్షమునకొకసారి తిరుగవేసినచో లోపలికి గాలి సోకును. కొయ్య మొండిది, ఆరుమాసములు, ఒక్కొక్కప్పుడు ఏడాది పట్టును. నల్లబడి, చల్లబడి, తొలకరి మన్ను వాసన వచ్చినపుడే తోటకు వేయవలెను. రంగు పూసిన కొయ్య, జిగురు పలకల పొట్టు ఇందు చేర్పరాదు.

ఈ గ్రంథాలయపు పూలమడి వెనుక ఒక కుప్ప వేయుడు. రాబోవు వానకారునాటికి ఆ మడియే గ్రామమునకు సాక్ష్యము చెప్పగలదు.