భూమి ఎత్తుపల్లములు – పూర్వయుగపు ఊళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పాటిదిబ్బ యన్న మాట ఎరుగని రైతు తెలుగు పల్లెలలో అరుదు. పూర్వమెప్పుడో ఊరుండి పాడుపడిన చోటు పాటిదిబ్బ. అచ్చటి మన్ను బూడిదతోను, పేడతోను, ఎముకల పొడితోను కలిసి సారవంతమై యుండును గనుక దానిని బండ్లకెత్తి చేలకు తోలుకొనుట తాతల నాటి వాడుక. ఆ మన్నులో కుండపెంకులు, పూసలు, ఒక్కొక్కచో రాతి గొడ్డళ్లు దొరకుటయు కలదు. నేల మిట్టగా నుండుట, మన్ను రంగు మారియుండుట, ఈ రెండును పాత ఊరిని పట్టియిచ్చు గుర్తులు. ఆకాశమునుండి పూర్వయుగపు గ్రామములను వెదకు నేటి శాస్త్రజ్ఞులు నమ్ముకొన్నవియు ఈ రెండు గుర్తులే. పూర్వయుగమనగా వ్రాత పుట్టక ముందరి కాలము. ఆ కాలపు జనులు శాసనములు వేయలేదు, గ్రంథములు వ్రాయలేదు. వారి చరిత్రకు వారు విడిచిపోయిన నేలయే ఆధారము.

గ్రామ పటమునందు పొలముల హద్దులు, బాటలు, చెరువులు గుర్తింపబడియుండును. ఏ చోటు ఎంత యెత్తో అందు కానరాదు. డిజిటల్ భూతల పటము ఎత్తును చూపుటకు ఏర్పడినది. భూమినంతయు చదరంగపు బల్లవలె సమానమైన గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికిని సముద్రమట్టమునుండి దాని ఎత్తును అంకెగా వ్రాయుదురు. ఆ అంకెలను కంప్యూటరు చదివి మిట్టలను, పల్లములను చిత్రించి చూపును. ప్రొద్దు పొడుచు వేళ నీడలు పొడుగుగా సాగి, మధ్యాహ్నము కంటికి ఆనని చిన్న మిట్టయు స్పష్టముగా కనబడుట రైతులెరిగినదే. కంప్యూటరు అట్టి ఏటవాలు వెలుగును కోరిన దిక్కునుండి పటముపై ప్రసరింపజేయగలదు.

ఇన్ని అంకెలు ఎట్లు సేకరింపబడినవి? 2000 ఫిబ్రవరిలో అమెరికావారి ఎండెవర్ అను అంతరిక్ష నౌక 11 దినములు భూమిని చుట్టి, రాడార్ తరంగములతో ప్రపంచ భూభాగమున నూటికి 80 పాళ్ల ఎత్తులను కొలిచెను. 2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి భారతదేశపు కార్టోశాట్-1 ఉపగ్రహము ఎగసెను. అందలి రెండు కెమెరాలలో ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు వంగి, ఒకే చోటును రెండు కోణములనుండి చిత్రించెను. మనుష్యుడు రెండు కన్నులతో చూచి దూరమును గ్రహించునట్లు, ఆ జంట చిత్రములను సరిపోల్చి ఎత్తును గణించిరి. ఆ లెక్కలతో హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము భారతభూమి ఎత్తుల పటమును సిద్ధపరచి, భువన్ అను తన వేదికపై 30 మీటర్ల గళ్లతో అందరికిని అందుబాటులోనికి తెచ్చినది.

ఇట్టి పటము పురావస్తు శాస్త్రమునకు చేసిన మేలు తెలియుటకు సిరియా దేశపు ఉదాహరణ చాలును. ఆ దేశపు ఈశాన్య భాగమున యూఫ్రటీసు నదికి ఉపనదియైన ఖాబూరు ప్రవహించును. అచ్చటి మైదానమునందు దిబ్బలు వేలకొలదిగా కలవు. వానిని ఆ దేశీయులు 'టెల్' అందురు. అచ్చట పచ్చి ఇటుకలతో ఇండ్లు కట్టుకొనెడివారు. ఇల్లు కూలినప్పుడు ఆ మన్నును చదును చేసి, దానిపైననే మరియొక ఇల్లు కట్టిరి. ఇట్లు వందల తరములు గడవగా ఊరే గుట్టయైనది. మ్యాలోవన్ అను ఆంగ్ల పండితుడు 1937, 1938 సంవత్సరములలో త్రవ్వించిన టెల్ బ్రాక్ చుట్టునున్న నేలకంటె 40 మీటర్లకు పైగా ఎత్తుగలది.

ఒక్కొక్క దిబ్బను త్రవ్వుటకే ఏండ్లు పట్టును. అట్టి దిబ్బలు వేలున్నచోట మొత్తము దేశపు చరిత్ర తెలియుట ఎట్లు? మెన్జె, జేసన్ ఊర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు ఉపగ్రహముల సహాయమున సమాధానము వెదకి, 2012లో తమ ఫలితములను ప్రకటించిరి. పలు సంవత్సరములలో తీసిన ఉపగ్రహ చిత్రములందు మన్ను రంగును పరీక్షించి మానవ నివాసముచే మారిన నేలను గుర్తించిరి. ఎత్తుల పటమునుండి ఒక్కొక్క దిబ్బలో ఎంత మన్ను పేరుకొన్నదో లెక్కకట్టిరి. 23,000 చదరపు కిలోమీటర్ల ప్రదేశమునందు ఇంచుమించు 14,000 పాత నివాస స్థలములు బయటపడినవి. అవి 8,000 సంవత్సరముల కాలమునకు సంబంధించినవి.

ఆ మన్ను కొలతలో ఒక గొప్ప యుక్తి యున్నది. ఏ ఊరు ఎక్కువ కాలము నిలిచినదో ఆ దిబ్బ అంత పెద్దది. కనుక దిబ్బ పరిమాణమే ఊరి ఆయుష్షునకు కొలబద్ద. ఈ లెక్కవలన తేలినది యేమనగా, నీటి వసతి గల ఊళ్లు దీర్ఘకాలము నిలిచినవి. అంతియేగాక, ఊరినుండి ఊరికి సాగిన బాటల కూడలిలో నున్నవియు నిలిచినవి. నీరు ఊరిని పుట్టించును; ఇరుగుపొరుగుతోడి రాకపోకలు దానిని బ్రతికించును. క్రీస్తుపూర్వము మూడవ సహస్రాబ్ది నాటి ఆ బాటలు మనుష్యుల, పశువుల రాకపోకలచే నేలలోనికి దిగబడి యుండెను. 1960 మొదలు 1972 వరకు అమెరికావారు గూఢచర్యమునకై తీసిన ఉపగ్రహ ఛాయాచిత్రములు 1995లో బహిరంగపరుపబడగా, ఈ బాటలు పండితులకు చక్కగా కనబడినవి. ఈలోపల నాగలి వానిలో అనేకమును చెరిపివేసెను.

దట్టమైన అడవులున్నచోట లైడార్ అను సాధనము పనిచేయును. విమానమునుండి లేజరు కిరణములను క్షణమునకు లక్షలకొలదిగా క్రిందికి పంపుదురు. చింతచెట్టు క్రింద ఆకుల సందులనుండి ఎండ చుక్కలు నేలపై పడునట్లు, ఆ కిరణములలో కొన్ని నేలను తాకి మరలివచ్చును. అవి తిరిగివచ్చు కాలమునుబట్టి ఎత్తు తెలియును. మెక్సికోలోని టబాస్కో రాష్ట్రమున అగ్వాడా ఫీనిక్స్ అనుచోట ఇట్లే 1,400 మీటర్ల పొడవు, 10 మొదలు 15 మీటర్ల ఎత్తు గల మట్టి వేదిక బయటపడినదని 2020లో ఇనొమాటా అను ఆచార్యుడును సహచరులును ప్రకటించిరి. అది క్రీస్తుపూర్వము 1000–800 నడుమ కట్టబడినది. అది అడవిలో దాగినదియు కాదు. పశువులు మేయు బయలునందే యున్నది. మిక్కిలి విశాలమగుటచే దానిపై నడచినవారికి అది సహజమైన నేలవలెనే తోచెను.

పటము సర్వజ్ఞము కాదు. మూడు నాలుగు అడుగుల దిబ్బ 30 మీటర్ల గడిలో కలిసిపోవును. రాడార్ చెట్టు కొమ్మను నేలగా భ్రమింపవచ్చును. పాత ఇటుక బట్టీయు, చెరువు పూడిక తీసి పోసిన గుట్టయు పటమునందు ప్రాచీన గ్రామమువలెనే కనబడవచ్చును. దిబ్బ వయస్సును పటము చెప్పదు. శాస్త్రజ్ఞుడు కాలినడకన పోయి పెంకులను చూడవలెను. త్రవ్వి, బొగ్గును పరీక్షించి కాలమును నిర్ణయింపవలెను. ఎక్కడ వెదకవలెనో చెప్పుటవరకే పటము పని.

తెలుగునేలలోను, దానికానుకొన్న కర్ణాటకములోను బూడిద దిబ్బలు కలవు. హంపీ చెంత నింబాపురమునందలి దిబ్బను వాలి చితాభస్మమని జనులు చెప్పుకొందురు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ అను పండితుడు 1957లో త్రవ్వించి, 1963లో గ్రంథము ప్రకటించెను. కంచె గుంజలు పాతిన గుంటలును, పశువుల గిట్టల ముద్రలును అందు బయల్పడెను. నవీన శిలాయుగపు పశుపాలకులు మందలను తోలిన దొడ్లలో పేడ పేరుకొనగా, అది పలుమార్లు కాలి ఆ దిబ్బ యేర్పడినదని తేలెను. నాలుగు వేల యేండ్లకు పూర్వము నడచిన ఆవు గిట్ట గుర్తు చెదరక నిలిచినదనగా, ఆ నేల ఎంత నమ్మకముగా దాచుకొన్నదో ఊహింపవచ్చును.

అట్టి నేల నేడు వేగముగా మారిపోవుచున్నది. బండితో తోలునాడు తరమునకు తరగని దిబ్బను యంత్రము కొలది దినములలో చదును చేయును. బళ్లారి చెంత సంగనకల్లు, కుప్పగల్లు కొండలయందలి నవీన శిలాయుగపు స్థలములకు రాతి క్వారీల వలన నష్టము వాటిల్లినది. చదునైన దిబ్బను ఎంతటి ఉపగ్రహమును మరల చూపజాలదు.

రైతు మెరక తీయక మానడు. అతని జీవనము దానిపై ఆధారపడినది. చదును చేయుటకు ముందు ఆ చోటును గుర్తింపజేయుట మాత్రము అసాధ్యము కాదు. ఇచ్చటనే గ్రామ గ్రంథాలయమునకు ఒక పని కలదు. ఉపగ్రహమునకు ఎత్తు తెలియును గాని చేని పేరు తెలియదు. పాటిమీది చేను, బూడిదగుంట, పాతూరి మిట్ట – ఇట్టి పేర్లు వృద్ధుల నోట మాత్రమే నిలిచియున్నవి. వారితో అవియు పోవును. గ్రంథాలయములో ఒక పుస్తకమును తెరచి, చేని పేరు, సర్వే నంబరు, దున్నునప్పుడు దొరకిన వస్తువు, దొరకిన తేదీ వ్రాసియుంచినచో, దానిని ఎత్తుల పటముతో సరిచూచుట పండితులకు సులభమగును. ఎవరును స్వయముగా త్రవ్వరాదు. త్రవ్వినచో పొరలు కలిసిపోయి సాక్ష్యము చెడును. దొరకినదానిని పురావస్తు శాఖకు తెలుపవలెను.

అచ్చుపుస్తకములను కాపాడి చదివించుటలో ఈ గ్రంథాలయము 25 సంవత్సరములు పూర్తిచేసికొన్నది. చేల పేర్లు వ్రాయు ఆ పుస్తకమును గూడ తన బీరువాలో చేర్చుకొని, ఊరి చరిత్రకు నెలవై, చిరకాలము వర్ధిల్లుగాక.