మణికట్టుపై చంద్రబింబం

చేతి గడియారం గంటలను, నిమిషాలను తెలిపే సాధనమని అందరూ ఎరుగుదురు. కాని కొన్ని యాంత్రిక గడియారాల డయలుపై ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులో చంద్రబింబం దినదినమూ పెరిగి, పూర్ణిమనాటికి నిండి, మరల క్షీణిస్తుంది. దానిని నడిపేది విద్యుత్తు కాదు. ఒక స్ప్రింగు, కొన్ని పళ్లచక్రాలు మాత్రమే. వీటిలో పేరెన్నిక గన్నవాటి వెల లక్షల రూపాయలు. ఇంత వెలపెట్టి కొన్న ఈ చంద్రుడు ఆకాశంలోని చంద్రుని ఎంతవరకు అనుసరిస్తాడు? ఇదే మనం విచారించవలసిన విషయం.

చాంద్రమాసపు సగటు పరిమాణం 29 రోజుల 12 గంటల 44 నిమిషాల 3 సెకండ్లు. చక్రానికి ఉండే పళ్లు పూర్ణసంఖ్యలోనే ఉండాలి. అర పన్ను ఉండటానికి వీలులేదు. అందుచేత పనివారు ఒక యుక్తి పన్నారు. ఒకే బిళ్లపై ఇద్దరు చంద్రులను చిత్రించి, దాని చక్రానికి 59 పళ్లు పెట్టి, రోజుకొక పన్ను చొప్పున జరిపారు. ఒక్కొక్క చంద్రుని వంతుకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు వచ్చినవి. మిగిలిన 44 నిమిషాలు నెలనెలా పోగై, రెండున్నర సంవత్సరాలు దాటేసరికి ఒక పూర్తి రోజవుతాయి. 135 పళ్ల చక్రాన్ని అమర్చినవారు ఈ దోషాన్ని సుమారు 122 ఏళ్లకు ఒక రోజుగా తగ్గించగలిగారు.

స్విట్జర్లండులో యులిస్ నార్డిన్ సంస్థ 1985లో 'ఆస్ట్రొలాబియం గెలీలియో గెలీలీ' అనే గడియారాన్ని వెలువరించింది. దాని రూపకర్త లుడ్విగ్ ఓక్స్‌లిన్, అంతకు పూర్వం వాటికన్‌లోని ఫర్నేసే ఖగోళ గడియారాన్ని పునరుద్ధరించినవాడు. ఆయన తన గడియారంలో సూర్యచంద్రుల ముళ్లతోపాటు, మన పంచాంగకర్తలు రాహుకేతువులనే బిందువులను చూపే ముల్లును కూడా అమర్చాడు. అది ఒక ప్రదక్షిణం చేయడానికి పద్దెనిమిదిన్నర సంవత్సరాలకు పైగా పడుతుంది. ఈ ముళ్లు ఒకే రేఖకు వచ్చినప్పుడు గ్రహణం సంభవిస్తుంది.

2014లో ఆండ్రియాస్ స్ట్రేలర్ నిర్మించిన గడియారంలో ఇరవై లక్షల ఏళ్లకు ఒక్క రోజే భేదమట. గణితరీత్యా ఇది నిజమే. కాని చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు భూమికి దూరమవుతున్నాడు, భూభ్రమణమూ మందగిస్తున్నది. ఇరవై లక్షల ఏళ్లనాటికి నేటి మాసపరిమాణం నిలిచి ఉండదు. అంతదాకా ఎందుకు? నేడైనా ప్రతి మాసమూ సమానం కాదు. ఒక మాసానికీ మరొక మాసానికీ కొన్ని గంటల తేడా ఉంటుంది. మన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సగటు గతిచే లెక్కించినదానిని మధ్యమమనీ, ప్రత్యక్షానికి సరిపడేటట్లు సవరించినదానిని స్ఫుటమనీ విభజించారు. డయలుపై కనిపించేవాడు మధ్యమచంద్రుడే.

ఇందువల్ల ఆ శిల్పుల ప్రతిభకు కొరత లేదు. లొంగని భిన్నాన్ని లోహపు పళ్లలోకి తేవడం సామాన్యమైన పని కాదు. ఐనా వీటిలో పెక్కు గడియారాలను రెండు మూడు రోజులు తొడగక, కీ ఇవ్వక విడిచిపెడితే ఆగిపోతాయి. అప్పుడు ఆ చంద్రుని సరిదిద్దడానికి యజమాని పంచాంగమైనా విప్పాలి, లేదా వాకిటిలోకి వచ్చి ఆకాశంవైపు తలయెత్తి చూడాలి. ఆ చూపుకు మాత్రం వెల లేదు.