బిడ్డను ముందుకు త్రిప్పుట ఎప్పుడు?

బోర్లపడిన బిడ్డకు బొబ్బట్లు, అడుగులు వేసిన బిడ్డకు అరిసెలు, పలుకులు నేర్చిన బిడ్డకు పంచదార చిలకలు: మన ఇండ్లలో ఎదుగుదల యందలి మెట్టు మెట్టునకును ఒక వేడుక కలదు. కారు గల ఇండ్లలో ఇటీవల ఈ వరుసకు మరియొక మెట్టు చేరినది. పిల్లల సీటులో ఇంతవరకు కారు వెనుక అద్దమువైపు చూచుచు కూర్చున్న పసిబిడ్డను, మొదటి పుట్టినరోజు కాగానే, పెద్దలవలె దారివైపు త్రిప్పి కూర్చుండబెట్టుచున్నారు. ఈ ఒక్క మెట్టు విషయమున మాత్రము తొందర కూడదని మనవి చేయుటకే మేమీ ప్రసంగమునకు పూనుకొన్నాము. తక్కిన మెట్లలో బిడ్డకు క్రొత్త శక్తి వచ్చుచున్నది. ఇందులో ఉన్న రక్షణ కొంత తగ్గుచున్నది.

ముందుగా కారణము చూతము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను ఢీకొని ఆగినచో, ఆ తాకిడి దాదాపు 10 మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి, నేలపై పడుటతో సమానము. ఆ కారు అర మీటరు దూరములో నిలిచిపోయినదనుకొందము. ఆ క్షణములో 10 కిలోల బిడ్డను ఆపుటకు దాదాపు 200 కిలోల బరువును పట్టుకొనునంత బలము కావలెను. తల్లి ఒడి ఎంత వెచ్చనిదైనను, ఏ చేతులును అంత బరువును నిలుపజాలవు.

పిల్లల సీటు ఆ బరువును ఆపగలదు. ఐతే ముందువైపు చూచుచున్న బిడ్డకు భుజములను, నడుమును పట్టీలు పట్టుకొనును గాని, తలకు అట్టి పట్టు లేదు. తల ఒక్క ఊపున ముందునకు విసరబడును. ఆ లాగుడంతయు మెడ భరింపవలెను. పుట్టిన బిడ్డకు తల దేహపు పొడవులో నాలుగవ వంతు ఉండును. పెద్దలకు అది దాదాపు ఎనిమిదవ వంతే. అంత పెద్ద తలను మోయు ఆ చిన్న మెడలోని పూసలు ఇంకను పూర్తిగా గట్టిపడలేదు. మెత్తని మృదులాస్థియే వాని భాగములను కలిపి ఉంచును. వెనుకవైపు చూచుచున్న బిడ్డ సంగతి వేరు. కారు ముందుభాగము ఢీకొనినపుడు తల, మెడ, వీపు మూడును ఒక్కటిగా సీటు వీపులోనికి ఒదుగును. దెబ్బను మెడ ఒక్కటే గాక దేహమంతయు పంచుకొనును.

ఈ ఆలోచన స్వీడన్ దేశమున రూపు దాల్చినది. అమెరికావారి జెమిని వ్యోమనౌకలో యాత్రికులు వెల్లకిల పరుండి వీపుతో ఒత్తిడిని భరించు సీట్లనుండి బెర్టిల్ ఆల్డ్‌మన్ అను వైద్యుడు ప్రేరణ పొందెను. 1964లో అట్టి పిల్లల సీటు తొలి నమూనాను వోల్వో కారులో పరీక్షించిరి. నేటికిని ఆ దేశమున నాలుగేండ్ల వరకు పిల్లలను వెనుకవైపు త్రిప్పియే కూర్చుండబెట్టుట వాడుక.

మరి ఎప్పుడు త్రిప్పవలెను? పుట్టినరోజు చూచి కాదు, సీటుతో వచ్చిన పుస్తకము చూచి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అను శిశువైద్యుల సంఘము 2011లో రెండేండ్ల వయస్సును పేర్కొన్నది. 2018లో ఆ వయస్సు మాటయే తీసివేసి, వెనుకవైపు కూర్చుండుటకు సీటు తయారించినవారు విధించిన బరువుగాని ఎత్తుగాని దాటువరకు అట్లే ఉంచుడని చెప్పినది. ఐరోపాలో 2013 నుండి అమలునకు వచ్చిన నిబంధన ప్రకారము చేసిన సీట్లలో 15 నెలలు నిండకమునుపు త్రిప్పనే కూడదు. అంతకు పూర్వపు నిబంధన ననుసరించిన సీట్లపై 9 కిలోలనుండి ముందుకు త్రిప్పవచ్చునని ఉండును. అది అనుమతియే గాని ఆజ్ఞ కాదు. ఆ సీటే వెనుకవైపునకు 13 కిలోల వరకు పనికివచ్చునదైనచో అంతవరకు ఆగుటయే మేలు. మన పిల్లలలో పెక్కుమంది రెండేండ్లు నిండినను ఆ బరువు చేరరు.

త్రిప్పుమని తొందరపెట్టు పెద్దలు చెప్పు కారణములు రెండు. «కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు, పాపము» అనునది మొదటిది. నేలపై ఆడుకొను పిల్లలను చూడుడు. కాళ్లు మడిచి, బాసిపట్టు వేసికొని గంటల తరబడి కూర్చుందురు. ఆ కూర్చుండుట పెద్దలకు ఇరుకు గాని వారికి కాదు. «వాడికి బయట ఏమియు కనబడదు» అనునది రెండవది. ప్రక్క అద్దమును, వెనుక అద్దమును వానివే. అమ్మమ్మయో, నాయనమ్మయో ప్రక్కన కూర్చుండి కబుర్లు చెప్పినచో వానికి కొరత ఏమున్నది?

హద్దు దాటిన దినమున సీటును త్రిప్పినంతమాత్రమున పని తీరదు. నాలుగు మార్పులు చేయవలెను. మొదటిది కారు బెల్టు దారి. రెండు విధముల వాడదగిన సీట్లలో వెనుకవైపునకు ఒక దారి, ముందువైపునకు ఒక దారి ఉండును. పాత దారిలోనే బెల్టు దూర్చినచో సీటు నిలువదు. రెండవది భుజముల పట్టీలు. ఇంతవరకు భుజమునకు సమముగానో, కొంచెము దిగువనో ఉన్నవి. ఇకమీద సమముగానో, కొంచెము ఎగువనో ఉండవలెను. మూడవది వాలు. పసిబిడ్డకై వెనుకకు వాల్చిన సీటును పుస్తకములో చెప్పినంత నిటారుగా నిలుపవలెను. నాలుగవది, అందరును మరచునది, పై పట్టీ. సీటు వీపునుండి వచ్చు ఈ పట్టీని కారు వెనుక సీటు వెనుకనో, డిక్కీలోనో దానికై అమర్చిన కొక్కెమునకు తగిలించి బిగింపవలెను. తల ముందునకు పోవు దూరమును తగ్గించునది ఇదియే. సామాను కట్టుటకు ఉంచిన కొక్కెమునకు తగిలింపరాదు.

పిమ్మట పరీక్ష. బెల్టు దూరిన చోట సీటును పట్టుకొని ఊపినచో రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. బిడ్డ భుజముమీది పట్టీని చిటికెతో పట్టినపుడు మడత దొరకకూడదు. పట్టీ క్రింద తువ్వాలుగాని దిండుగాని పెట్టరాదు. మన వేసవిలో బకిల్ నిప్పువలె కాలును. కూర్చుండబెట్టుటకు ముందు చేతితో తాకి చూడుడు. అన్నిటికంటె ముఖ్యము, వెనుకవైపు చూచు సీటును పనిచేయు ఎయిర్ బ్యాగు గల ముందు సీటుపై ఎన్నడును పెట్టరాదు. ఆ సంచి తెరచుకొను ఊపు నేరుగా బిడ్డ తల వెనుకనే తగులును.

మన దేశమున 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము, 194బి సెక్షనులో, 14 ఏండ్ల లోపు పిల్లలను సీటు బెల్టుతోగాని పిల్లల సీటు వంటి సాధనముతోగాని కట్టక తీసికొనిపోవువారికి వేయి రూపాయల జరిమానా విధించినది. బిడ్డ ముఖము ఏవైపు ఉండవలెనో ఆ సెక్షను చెప్పదు. ఆ నిర్ణయము తల్లిదండ్రులది.

సీటు ప్రక్కనో అడుగుననో అతికించిన చీటిని ఈ వారము ఒకసారి చదువుడు. వెనుకవైపునకు ఎన్ని కిలోలు, ఎంత ఎత్తు అని అందులో ఉండును. ఆ రెండంకెలను గోడమీది క్యాలెండరుపై వ్రాసి, బిడ్డను నెలకొకసారి తూచి, కొలిచి చూచుకొనుడు. ఇంటికి వచ్చిన చుట్టములు ఎప్పుడు త్రిప్పెదరని అడిగినచో, ఆ అంకెలను చూపుడు.