కొలువులో ఉంటూనే ఎదుగుదల

ఉద్యోగం దొరికింది కదా అని పుస్తకం మూసేస్తే ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. దారులు మీ ఆఫీసులోనే ఉన్నాయి, అడగాలంతే.

ప్రభుత్వోద్యోగులైతే, పదోన్నతికి ఏ డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసవ్వాలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కనుక్కోండి. రాష్ట్ర ఉద్యోగులకు ఆ పరీక్షల నోటిఫికేషన్ ఇచ్చేది రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్. 2020లో కేంద్రం ఆమోదించిన మిషన్ కర్మయోగి శిక్షణ కార్యక్రమం కింద ఆన్‌లైన్ వేదిక ఐగాట్‌లో పాఠాలు ఫోన్‌లోనే చదువుకోవచ్చు.

ప్రైవేటు ఉద్యోగులు సహా ఎవరైనా చేరదగ్గ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’. 2017లో మొదలైంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు ఫీజు కట్టాలి. ఆ ఫీజు కంపెనీ తిరిగి ఇస్తుందేమో హెచ్‌ఆర్ వారిని అడగండి. డిగ్రీ మధ్యలో మానేసినవారికి 1982లో హైదరాబాద్‌లో ఏర్పడిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

నేర్చుకున్నది పై అధికారికి చెప్పండి, దానికి సంబంధించిన పని అడిగి మరీ చేయండి. ఈరోజే చదువుకు ఓ అరగంట కేటాయించండి.